ఇంద్రవెల్లి అంగడిలో ఒకటి నుంచి ఆరు దాకా

సోమవారం. పొద్దు బాగా ఎక్కింది. ఆదిలాబాద్ నుంచి ఉట్నూరు వైపు పోయే బస్సు మిమ్మల్ని ఇంద్రవెల్లిలో దింపేసి, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. రోడ్డు దాటి నాలుగడుగులు వేస్తే అంగడి. ఈ పక్క వారపు సంతను అంగడి అనే అంటారు. నీలం పరదాల కింద ఎండుమిరప రాశులు, ఎండుచేపల గంపలు, గాజుల బండ్లు, ప్లాస్టిక్ బిందెల గుట్టలు, ఒక మూల వెదురు బుట్టలు, చాటలు. గూడేల నుంచి ఆటోల్లో, ఎడ్లబండ్లలో, కాలినడకన జనం ఇంకా వస్తూనే ఉన్నారు. 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో గోండులు ప్రాణాలు పోగొట్టుకున్నదీ ఇక్కడే, ఇలాంటి సోమవారం అంగడి రోజునే. ఈ నేల మీద నిలబడి ఆ మాట తలచుకోకుండా ముందుకు పోలేం.

కొనడం తర్వాత చూద్దాం. ముందు వినండి. కొట్లవాళ్లది ఉత్తర తెలంగాణ తెలుగు. అంధ్ తెగవాళ్లు మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. లంబాడా ఆడవాళ్లు గోర్‌బోలిలో బేరం కుదరలేదని గొణుక్కుంటున్నారు. బట్టల బండి దగ్గర దక్కనీ ఉర్దూ. వీటన్నిటి మధ్యా, అన్నిటికంటే ఎక్కువగా, గోండీ. బుట్టల దగ్గర కోలామీ. డార్విన్ 1835లో గాలాపగోస్ దీవుల్లో దిగినప్పుడు ఆయన ముందున్నవి పిట్టల ముక్కులు, తాబేళ్ల డొప్పలు. మీ ముందున్నది ఉప్పు కొట్టు.

అక్కడికి రండి. గోనెపట్టా మీద తెల్లగా కుప్పపోసిన ఉప్పు. ముసలావిడ ఒకరు వంగి చూస్తోంది.

"దా అవ్వా, ఏం గావాలె? గల్లుప్పా, సన్నుప్పా?" అంటున్నాడు కొట్టతను.

"సొవర్" అందావిడ, గల్లుప్పు వైపు చెయ్యి చూపి. ఉప్పుకు గోండీలో ఆ మాట. అతను తూచి మూట కట్టాడు. ఆవిడ కొంగుముడి విప్పి, నలిగిన పది రూపాయల నోట్లు ఒక్కొక్కటీ సాపుచేసి అతని చేతిలో పెడుతోంది. చెవి దగ్గరగా పెట్టి వినండి: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్. ఆరు నోట్లు. అతను వాటిని మళ్లీ లెక్కపెడతాడు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆవిడ లెక్క ఆవిడది, అతని లెక్క అతనిది. ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఇటు తిరగండి. బుట్టల వరుస వెనక గొంతుక్కూర్చున్న కోలాం పెద్దాయన అమ్ముడుపోయిన చాటల్ని కొన్నవాళ్ల ముందుకు తోస్తూ లెక్కిస్తున్నాడు. ఒక్కోద్, ఇందింగ్, మూందింగ్, నాలింగ్. అక్కడిదాకా వచ్చాక లెక్క నడక మారింది: ఐద్, ఆర్.

మూడు లెక్కలు విన్నారు. ఈ మూడింటినీ చేత పట్టుకుంటే, భాష ఎలా మారుతుందో చెప్పడానికి జీవపరిణామ శాస్త్రం ఎంత పనికొస్తుందో ఈ అంగడి దాటకుండానే చాలావరకు తేల్చుకోవచ్చు.

రెండు దగ్గర మొదలుపెడదాం. గోండు అవ్వ "రండ్" అంది, కొట్టతను "రెండు" అన్నాడు. కోలాం పెద్దాయన "ఇందింగ్" అన్నాడు. తమిళుడైతే "ఇరండు" అంటాడు, కన్నడిగుడు "ఎరడు" అంటాడు. తెలుగు, గోండీ మాత్రమే ముందున్న అచ్చును పోగొట్టుకుని ర-తో మొదలవుతున్నాయి. ఇది ఈ ఒక్క మాటతో ఆగిన సంగతి కాదు. తమిళుల మరం మనకు మ్రాను అయింది, ఆ తర్వాత మాను. వాళ్ల అవర్ మనకు వారు. వాళ్ల ఉళ్ మన లో. ఎప్పుడో ఒకప్పుడు, ఒక గుంపు మనుషుల నోట, మాట రెండో అక్షరంలో ఉన్న ర, ల లాంటి ధ్వనులు ముందుకు జరిగి మాట మొదట్లోకి వచ్చేశాయి. ఆ గుంపు సంతానమే తెలుగు, గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ. కోలామీ వాళ్లలోది కాదు. అది వేరే కొమ్మ.

ఇక్కడ జీవశాస్త్రం నేర్పే జాగ్రత్త ఒకటుంది. మనిషికి అయిదు వేళ్లు. బల్లికీ అయిదు వేళ్లే. గుర్రానికి కాలికి ఒక్క గిట్ట. వేళ్లు లెక్కబెట్టి మనిషి గుర్రం కంటే బల్లికే దగ్గర చుట్టమంటే ఎవరైనా నవ్వుతారు. అయిదు వేళ్లు పాత ఆస్తి, ఎవరు దాచుకున్నా దాచుకోవచ్చు. కలిసి దాచుకున్నది చుట్టరికానికి సాక్ష్యం కాదు, కలిసి మారినదే సాక్ష్యం. పాలిచ్చి పెంచడం, ఒంటి మీద వెంట్రుకలు ఉండడం, ఇవీ మనిషినీ గుర్రాన్నీ ఒక కొమ్మ మీద కూర్చోబెట్టేవి. భాషల్లోనూ అంతే. కోలామీలో, తమిళంలో, కన్నడంలో "రెండు" అచ్చుతో మొదలవుతోంది కాబట్టి ఆ మూడూ అక్కచెల్లెళ్లని చెప్పలేం. అది పాత ఆస్తి. రెండు, రండ్ కొత్త మార్పు. అది చెబుతుంది, ఉప్పమ్మే అతనికీ ఉప్పు కొన్న అవ్వకూ మధ్య ఉన్న చుట్టరికం ఎంతటిదో.

ఈ లెక్కను అందరికంటే లోతుగా తేల్చిన మనిషి మనవాడే. ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి. అరకు వైపు కొండల్లో కొండ భాష వాళ్ల మధ్య తిరిగి, విని, రాసుకుని, 1969లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. 1983లో ఇద్దరు గణాంక నిపుణులతో కలిసి ఆయన చేసిన పని నాకు మరీ ఇష్టం. గోండీ, కొండ, కుయి, కువి, పెంగో, మండ. ఈ ఆరు భాషల వంశవృక్షాన్ని, ప్రతి చీలికా రెండు కొమ్మలుగానే ఉండేట్టు గీయాలంటే 945 రకాలుగా గీయవచ్చు. వాటిలో ఏది నిజానికి దగ్గర? ధ్వనులు ముందుకు జరిగే మార్పు ఏ భాషలో ఏ మాటకు తగిలింది, ఏ మాటకు ఇంకా తగల్లేదు అని జాబితా వేసి, తక్కువ మార్పులతో ఆ జాబితానంతా వివరించే చెట్టును ఎంచుకున్నారు. డీఎన్‌ఏ చూసి జంతువుల వంశవృక్షం గీసేవాళ్లు వాడే సూత్రాల్లో ఇదొకటి. అలా వచ్చిన చెట్టు, పాత పద్ధతిలో వ్యాకరణాలు పోల్చి గీసిన చెట్టుతో సరిపోయింది.

నిజానికి చెట్టు బొమ్మలో భాషావాళ్లే ముందు. ఆగస్ట్ ష్లైకర్ అనే జర్మన్ పండితుడు ఇండో-యూరోపియన్ భాషలకు చెట్టు గీసింది 1853లో. డార్విన్ పుస్తకం వచ్చింది 1859లో. జీవుల వర్గీకరణ వంశాన్ని బట్టే ఉండాలని చెప్పడానికి డార్విన్ అందులో భాషలనే ఉదాహరణగా తెచ్చాడు. 1871లో రాసిన పుస్తకంలో ఇంకా విప్పి చెప్పాడు: జాతులు ఏర్పడే తీరూ భాషలు ఏర్పడే తీరూ వింతగా ఒకేలా ఉన్నాయని.

మళ్లీ బుట్టల దగ్గరికి రండి. పెద్దాయన నాలుగు దాకా తన తాతల లెక్క చెప్పి, ఐదు నుంచి మన లెక్క అందుకున్నాడు. ఐద్, ఆర్ తెలుగు మాటలే. ఎం.బి. ఎమెనో 1955లో అచ్చువేసిన కోలామీ వ్యాకరణంలోనూ ఈ చీలిక ఇలాగే ఉంది. చెట్టు బొమ్మ ఇక్కడ చేతులెత్తేస్తుంది. కొమ్మ నుంచి కొమ్మకు రసం అడ్డంగా పారింది.

చదువుకున్నవాళ్లు చాలామంది ఇక్కడే, "అదిగో, భాషకూ జీవానికీ పోలిక చెడింది" అంటారు. చెడలేదు. బాక్టీరియాలను చూడండి. మందుకు లొంగని గుణం తల్లి నుంచి బిడ్డకే కాదు, పక్కనున్న వేరే జాతి బాక్టీరియాకు కూడా నేరుగా అందుతుంది. ఆసుపత్రుల్లో మందులు పనిచేయకుండా పోవడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. జీవలోకంలోనూ అడ్డంగా ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. భాషల్లో అది ఇంకా ఎక్కువ, అంతే.

మరి కోలాం లెక్కలో ఒకటి నుంచి నాలుగు దాకా ఎందుకు మిగిలింది? ఇంగ్లండులో మార్క్ పాగెల్ బృందం 2007లో 87 ఇండో-యూరోపియన్ భాషల్ని తీసుకుని, 200 అర్థాలకు ఏ ఏ మాటలున్నాయో పోల్చింది. ఎక్కువగా వాడే మాటను వేరే మాట తోసేయడం అరుదు అని తేలింది. నేను, రెండు, మూడు, ఎవరు లాంటివి వేల ఏళ్లు నిలుస్తాయి. బతకడానికి అత్యవసరమైన జన్యువుల్లో మార్పు వస్తే ఆ ప్రాణి మిగలదు, అందుకే ఆ జన్యువులు కప్పలో, కోడిలో, మనిషిలో దాదాపు ఒకేలా ఉంటాయి. రోజుకు వందసార్లు నోట్లో ఆడే మాటకూ అలాంటి కాపలాయే ఉంటుంది. ఇంట్లో పిల్లల్ని, మేకల్ని, గిన్నెల్ని లెక్కించడానికి నాలుగు దాకా చాలు. నాలుగు దాటిన లెక్క అంగడిలో అవసరం, అంగడిలో లెక్క పెట్టేది తెలుగు కొట్టతను. ఇది నా ఊహ. అయినా ఈ చాటల వరుస ముందు అరగంట నిలబడితే మీకూ అలాగే అనిపిస్తుంది.

ఇక సయ్యుంగ్, సారుంగ్. అవ్వ లెక్కలో అసలైన నిధి ఇదే.

గోండీలో ఐదు సయ్యుంగ్, ఆరు సారుంగ్, ఉప్పు సొవర్. మూడింటికీ ముందు స. మనకు ఐదు, ఆరు, ఉప్పు. స లేదు. పిల్లలైనా పట్టేస్తారు, ఇందులో ఏదో వరస ఉందని. మూలద్రావిడంలో ఈ మాటల మొదట్లో చ లాంటి ధ్వని ఉండేది. గోండీలో అది స అయి నిలిచింది. మన నోట, తమిళుల నోట, కన్నడిగుల నోట ఈ మాటల్లో పూర్తిగా రాలిపోయింది. అంటే ఈ ఒక్క విషయంలో ఉప్పు కొట్టు ముందు వంగిన ఈ ముసలమ్మ పలుకు నన్నయ పలుకు కంటే పాతది. ఆవిడకు ఆ సంగతి చెప్పినా చెప్పకపోయినా, మీరు మాత్రం మనసులో పెట్టుకోండి.

స ఎలా రాలిపోతుంది? దాన్ని కళ్లారా, కాదు, చెవులారా వినాలంటే తూర్పుకు పోవాలి. ప్రాణహిత దాటి గడ్చిరోలి అడవుల మీదుగా బస్తర్ వైపు నడవండి. దారిలో ప్రతి ఊళ్లో ఉప్పును ఏమంటారో అడగండి. మొదట్లో సొవర్. కొన్నాళ్ల నడక తర్వాత ఒక ఊళ్లో ఎవరో "హొవర్" అంటారు. అదే మాట, స కాస్త మెత్తబడి ఊపిరిగా మారింది. ఇంకా లోపలికి, కొండల్లోకి పోండి. "ఒవర్". ఊపిరి కూడా ఆగిపోయింది. ఎక్కడా గీత గీసినట్టు సరిహద్దు ఉండదు. ఈ ఊరివాళ్ల మాట పక్క ఊరికి అర్థమవుతూనే ఉంటుంది. ఈ కొస వాళ్లను తీసుకెళ్లి ఆ కొసలో నిలబెడితే మాత్రం ఇద్దరూ బిక్కమొహం వేస్తారు.

జీవుల్లోనూ ఇలాంటి గొలుసుంది. టిబెట్ పీఠభూమి చుట్టూ ఆకుపచ్చగా ఉండే చిన్న పిట్టొకటి ఉంది, వార్బ్లర్ జాతిది. హిమాలయాల్లో మొదలై అటు పడమటి నుంచీ ఇటు తూర్పు నుంచీ పీఠభూమిని చుట్టుకుంటూ దాని గుంపులున్నాయి. పక్కపక్క గుంపులు ఒకదాని పాట ఒకటి గుర్తుపట్టి జతకడతాయి. ఆ రెండు వరసల కొసలు సైబీరియాలో మళ్లీ ఎదురుపడతాయి. అక్కడ ఒకదాని పాటకు మరొకటి పలకదు. ఎక్కడ ఒక జాతి ఆగి ఇంకో జాతి మొదలైందో వేలుపెట్టి చూపించలేం. భాష ఎక్కడ ఆగి ఇంకో భాష మొదలవుతుందో చూపించలేకపోవడం అందుకే, మన తెలివితక్కువతనం వల్ల కాదు.

ఈ స, హ, శూన్యం అనే మెట్ల గురించి కూడా కృష్ణమూర్తే 1998లో రాశారు. ఆయన చూపించింది ఏమిటంటే, మార్పు అన్ని మాటల మీదా ఒకేసారి విరుచుకుపడదు. ముందు కొన్ని మాటల్లో వస్తుంది, తర్వాత ఇంకొన్ని, చివరికి దాదాపు అన్నిటికీ వ్యాపిస్తుంది. జనాభాలో కొత్త జన్యురూపం ఒకరిద్దరిలో మొదలై తరతరానికీ పెరిగినట్టు. మధ్యలో ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. మన భాషలో ఉప్పు, ఆరు, ఐదు తమ చ-ను పోగొట్టుకున్నాయి, చావు మాత్రం పోగొట్టుకోలేదు.

ఇంకో వింత చెప్పకుండా ఈ కొండ దిగలేను. లాటిన్‌లో ఉప్పు సాల్. ప్రాచీన గ్రీకులో హాల్స్. నేటి గ్రీకులో అలాతి. స, హ, శూన్యం. అదే మాట, అవే మెట్లు, బస్తర్‌కూ ఏథెన్సుకూ ఏ చుట్టరికమూ లేకుండానే. సంస్కృతంలో సింధు, పారశీకుల నోట హిందు, గ్రీకుల నోట ఇండోస్ కూడా ఇదే దారి. చేపకూ నీళ్లలో బతికే డాల్ఫిన్‌కూ ఒకే ఆకారం వచ్చింది, ఒకే నీళ్లు రెండింటినీ తోమడం వల్ల. మనుషులందరికీ ఒకే రకం నాలుక, ఒకే రకం గొంతు, ఒకే ఊపిరి. స మెత్తబడితే హ అవుతుంది, హ ఆగిపోతే ఏమీ మిగలదు. వెనక్కి నడవడం చాలా అరుదు. ఉత్త అచ్చు ముందుకు, సరిగ్గా ఈ మాటలకే, ఎక్కడి నుంచో స వచ్చి అతుక్కోవడం కంటే ఉన్న స రాలిపోవడమే నమ్మదగ్గ కథ. ఏది పాతదో ఏది కొత్తదో అలా తేలుతుంది.

ఇప్పుడు దక్షిణానికి రండి, చాలా దూరం. కడప జిల్లా, ఎర్రగుంట్ల మండలం, కలమళ్ల. నాపరాళ్ల నేల, ఎండ చురుక్కుమంటోంది. చెన్నకేశవాలయం ఆవరణలో ఒక రాయి. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. క్రీ.శ. 575 ప్రాంతంలో చెక్కినది. ఇప్పటిదాకా దొరికిన పూర్తి తెలుగు శాసనాల్లో ఇదే పాతదని ఎక్కువమంది పండితుల మాట. రాయి విరిగింది, అక్షరాలు అరిగాయి. లిపి మీకు రాకపోయినా పరవాలేదు. వంగి, చదవగలిగినవారు చూపించిన చోట వేలు పెట్టండి: "రేనాణ్డు", "ఏళన్", "చిఱుంబూరి".

రేనాణ్డు. ఇప్పుడు రేనాడు అంటాం. మధ్యలో ఉన్న ణ్ ఏమైంది? సున్నాగా పలుచబడి, అరసున్నగా సన్నబడి, ఆనక మాయమైంది. గోండు అవ్వ మూండ్ అంది, గుర్తుందా? కోలాం పెద్దాయన మూందింగ్ అన్నాడు. తమిళుడు మూన్ఱు అంటాడు. మనం మూడు అంటాం. కానీ పాత పుస్తకాల్లో ఆ డు ముందు అరసున్న పెట్టి మూఁడు అని రాశారు. దాన్ని ఎవరూ పలకరు. మా తరం వాళ్లం పాఠాల్లో అరసున్న కనబడితే అదొక అలంకారం అనుకునేవాళ్లం. అలంకారం కాదు. కొండచిలువ ఒంట్లో, తోక దగ్గర, పాముల పూర్వీకులకు కాళ్లుండేవని చెప్పే చిన్న ఎముకలు ఇప్పటికీ ఉన్నాయి. తిమింగలం కండరాల మధ్య కటి ఎముక మిగిలి ఉంది. అరసున్న తెలుగు ఒంట్లో అలాంటి ఎముక. ఎక్కడ అరసున్న ఉందో అక్కడ ఒకప్పుడు ముక్కుతో పలికే ధ్వని ఉండేది. గోండీ, కోలామీ దాన్ని నేటికీ పలుకుతున్నాయి కాబట్టి అనుమానానికి చోటే లేదు.

ఏళన్‌లోని ళ ఇప్పుడు ఏలడంలో ల అయింది. చిఱుంబూరిలోని బండి ఱ నా చిన్నప్పటికే అక్షరమాల చివర మూగగా కూర్చుంది. రేనాటి చోళుల శాసనాల్లో ఇంకో అక్షరం కూడా ఉంది: ఴ. తమిళులు కోఴి, ఏఴు, నిఴల్ అనేటప్పుడు నాలుక వెనక్కి మడిచి పలికే ధ్వని. మనకు కోడి, ఏడు, నీడ. నన్నయ నాటికి ఆ అక్షరం తెలుగు లిపిలో పూర్తిగా పోయింది. శిలాజం అంటే రాతిలో మిగిలిన ప్రాణి గుర్తు. ఈ రాళ్లమీద ఴ అచ్చంగా అదే.

ఊళ్లోకి నడవండి. దాహం వేస్తోంది. ఈ సీమ ఊళ్లలో ఎక్కడైనా నీళ్ల ట్యాంకు మీద నీలం రంగు అక్షరాలు చూడండి: "త్రాగునీరు". కింద కుళాయి దగ్గర బిందె పెట్టిన అమ్మాయిని అడగండి. "తాగే నీల్లే న్నా, తాగు" అంటుంది. పైన రాసినది పాత రూపం, కింద పలికినది కొత్త రూపం. క్రొత్త, ప్రాత, క్రింద, ప్రొద్దు, మ్రాను... వీటన్నిటి కిందా ఉన్న రావత్తు నోట్లో నుంచి జారిపోయింది. కొత్త, పాత, కింద, పొద్దు, మాను. మరి ప్రేమ, క్రమం, చంద్రుడు మాటల్లో రావత్తు ఎందుకుంది? అవి సంస్కృతం నుంచి అడ్డంగా వచ్చిన మాటలు. ఇంటి మాటల్లో మనం పోగొట్టుకున్న జంటహల్లు అరువు మాటల్లో నిలిచింది. పల్లెల్లో పేమ అంటే నవ్వుతారు. ఆ నోరు చేస్తున్న పని, క్రొత్తను కొత్త చేసిన నోరు చేసిన పనే. ఒకటి అచ్చు పుస్తకాల్లోకి ఎక్కింది, రెండోది ఎక్కలేదు. ఈ తేడా నాలుకలో లేదు, ఎవరి నాలుక అన్నదాంట్లో ఉంది.

ఇక్కడే పోలిక హద్దు కూడా కనిపిస్తుంది. ఏ లక్షణం నిలవాలో ప్రకృతిలో బతుకూ చావూ తేలుస్తాయి. కొన్నిసార్లు ఏ లాభమూ లేకుండా గాలివాటుగా కూడా ఒక రూపం జనాభా అంతా నిండిపోతుంది, జెనెటిక్ డ్రిఫ్ట్ అంటారు దాన్ని. భాషలో ఈ రెండూ ఉన్నాయి. వాటితోపాటు పరువు అనేది ఒకటుంది. ఎవరి మాట బడిలో చెల్లుతుంది, ఎవరి మాట కచేరీలో చెల్లుతుంది అన్నది గెలుపోటముల్ని తేల్చేస్తుంది. ఇంకో తేడా: పెద్దయ్యాక సంపాదించిన గుణం పిల్లలకు వస్తుందన్న లామార్క్ జీవశాస్త్రంలో ఓడిపోయాడు. భాషలో ఆయన మాట చెల్లుతుంది. ముప్పై ఏళ్లకు నేర్చుకున్న మాట కూడా మన పిల్లలకు అందుతుంది. కోలాం పెద్దాయన తాత అంగడిలో నేర్చిన ఐద్ ఇవాళ మనవడికి పుట్టుకతో వచ్చినట్టే ఉంది.

ష్లైకర్ దగ్గర ఒక పెద్ద పొరపాటు జరిగింది. భాషలు పెరిగి, ముదిరి, క్షీణిస్తాయనీ, వాటిలో మెట్లున్నాయనీ ఆయన నమ్మాడు. పరిణామాన్ని నిచ్చెనగా చూడడం అది. డార్విన్ గీసిన బొమ్మలో నిచ్చెన లేదు, కొమ్మలే ఉన్నాయి. ఈ రోజు బతికున్న ప్రతి కొమ్మా మొదలు నుంచి అంతే కాలం నడిచి వచ్చింది. ద్రావిడ కుటుంబంలోని 20 భాషల మాటల్ని కంప్యూటర్ లెక్కలతో పోల్చి 2018లో విష్ణుప్రియ కొలిపాకం, ఆమె సహచరులు ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని అంచనా వేశారు. ఆ 4,500 ఏళ్లు తెలుగుకూ అంతే, గోండీకీ అంతే, కోలామీకీ అంతే. గోండీ "తెలుగు కాని తెలుగు" కాదు, తెలుగు పాడైన రూపమూ కాదు. తెలుగే సంస్కృతం నుంచి పుట్టిందని ఒకప్పుడు మన పండితులే అనేవారు. కావ్యంలో ఒక పేజీ తీసి మాటలు లెక్కబెడితే అలాగే అనిపిస్తుంది కూడా. మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో ఆ అరువు సొమ్మును పక్కనపెట్టి, ఇంటి మాటల్నీ వ్యాకరణాన్నీ చూశాడు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని చెప్పాడు. ఆ రోజు మన భాషకు దక్కిన న్యాయం గోండీకి ఇవ్వడానికి మనకు అడ్డేమిటి?

గిడుగు రామమూర్తి పర్లాకిమిడి కొండల్లో సవరల మధ్య కూర్చుని, వాళ్ల భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కట్టారు. జనం నోట్లో ఆడే తెలుగు తప్పు కాదని పండితులతో పోట్లాడిందీ ఆయనే. బతికున్న మాటను ముందు చెవితో వినాలన్న పట్టుదల రెండు పనుల్లోనూ ఒకటే. ఆయన జయంతిని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. సవర మాట ఆ సభల్లో ఎంత వినిపిస్తుందో మీకే తెలుసు.

2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ తల్లిభాషగా ఉన్నవాళ్లు దేశంలో సుమారు 30 లక్షలు. కోలామీ వాళ్లు లక్ష పైచిలుకు. గోండీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. 1940లలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, గోండీ వాచకాలు అచ్చయ్యాయి. ఎనభై ఏళ్ల కింద అయిన పని ఇవాళ కాకపోవడానికి కారణం లేదు. జాతీయ విద్యావిధానం 2020 కూడా వీలైనంతవరకు అయిదో తరగతి దాకా తల్లిభాషలో చదువు చెప్పమంటోంది.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ బడుల్లో పనిచేసే టీచర్లకు ఒక విన్నపం. మీ తరగతిలో గోండు పిల్లవాడు ఆరు బదులు సారుంగ్ అంటే దిద్దకండి. పలక మీద రాయించండి, పక్కన ఆరు అని మీరు రాయండి. కోలాం పిల్లల తాతలు నాలుగు తర్వాత ఏమని లెక్కపెట్టేవారో అడిగి, ఎవరికైనా గుర్తుంటే ఈ ఏడాదే రాసిపెట్టండి.